ఇంగ్లీషు వచ్చినవారికి స్పానిష్ పదాలు: తత్సమాల దారి, తద్భవాల దారి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీకు ఇంగ్లీషు బాగా వచ్చు. నాలుగు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నారు. రెండు భాషల్లోనూ ఒకే పోలికతో ఉండే పదాలు వేలకొద్దీ ఉన్నాయని విని ఆ దారిన బయలుదేరారు. పత్రికల్లోని వార్తలు కొంతవరకు అర్థమవుతున్నాయి గాని, ఇంట్లోనూ వీధిలోనూ వాడే చిన్న చిన్న మాటలు ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు. నిలవనివాటికి ఉదాహరణగా ఐదు మాటలు ఇచ్చారు: ఓహా (ఆకు), యాబె (తాళంచెవి), ఈహో (కొడుకు), సెగూరో (భద్రమైన), పెర్రో (కుక్క). ఇంగ్లీషు పోలికలను నమ్ముకోవడం అసలు మంచి పద్ధతేనా, లేక ఇది తొలినాళ్ల ఉత్సాహానికి మాత్రమే పనికొచ్చేదా అని అడిగారు.

మంచి పద్ధతే. అయితే ఆ పద్ధతిలో సులువైన సగాన్నే సాధారణంగా అందరూ నేర్పుతారు. మీకు అందినదీ ఆ సగమే. పదిహేడేళ్లుగా స్పానిష్ నుంచి అనువాదాలు చేస్తూ, మధ్యమధ్య పాఠాలు చెబుతూ వచ్చిన అనుభవంతో రెండో సగం గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. స్పానిష్ మాటలను ఇక్కడ లాటిన్ అమెరికా ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. స్పానిష్‌లో బి, వి అక్షరాలు రెండింటినీ ఒకేలా పలుకుతారు కాబట్టి రెండింటికీ బకారమే వాడాను.

ముందుగా రెండు వాక్యాలు చూడండి. మొదటిది: "లా ఉనిబెర్సిదాద్ సెలేబ్రా సు అనిబెర్సారియో కోన్ ఉనా ఎక్స్‌పోసిసియోన్ ఇంతెర్నసియోనాల్ దె ఫోతోగ్రఫీయా." స్పానిష్ ఒక్క ముక్క రానివారు కూడా ఇంగ్లీషు వస్తే దీన్ని పట్టేస్తారు: విశ్వవిద్యాలయం తన వార్షికోత్సవాన్ని అంతర్జాతీయ ఛాయాచిత్ర ప్రదర్శనతో జరుపుకొంటోంది. రెండోది: "మి ఎర్మానో త్రాహో లెచె, పాన్ ఇ వేబోస్." మా అన్న పాలు, రొట్టె, గుడ్లు తెచ్చాడు. మూడేళ్ల పిల్లవాడు అనగలిగే మాట ఇది, కాని ఇంగ్లీషు పండితుడికి కూడా ఒక్క ముక్క అంతుపట్టదు. పెద్ద మాటలు తేలికగా, చిన్న మాటలు కష్టంగా ఉండే ఈ తలకిందుల స్థితికి కారణం తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

స్పానిష్ లాటిన్‌కు సొంత బిడ్డ. క్రీ.పూ. 218లో రోమన్ సైన్యాలు నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలో కాలుపెట్టిన తరువాత అక్కడ స్థిరపడిన వ్యావహారిక లాటిన్, శతాబ్దాల పాటు జనం నోళ్లలో నలిగి స్పానిష్‌గా మారింది. ఇంగ్లీషు సంగతి వేరు. దాని పునాది జర్మానిక్, అంటే జర్మన్, డచ్చి భాషల కుటుంబం. చెయ్యి, నీళ్లు, రొట్టె, ఇల్లు వంటి రోజువారీ మాటలకు ఇంగ్లీషులో ఉన్నవన్నీ ఆ పునాదికి చెందినవే. 1066లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజసభలోకి, న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. ఫ్రెంచి కూడా లాటిన్ బిడ్డే. ఆ తరువాత 16, 17 శతాబ్దాల్లో పండితులు గ్రంథాల నుంచి లాటిన్ మాటలను నేరుగా తెచ్చి ఇంగ్లీషులో కలిపారు. అదే పనిని స్పెయిన్ పండితులు కూడా చేశారు. రెండు భాషల పండితులూ ఒకే గాదె నుంచి గింజలు తెచ్చుకున్నారు కాబట్టి పండితుల మాటలు రెండింట్లోనూ ఒకే పోలికతో ఉన్నాయి.

తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. అగ్ని తత్సమం, అగ్గి తద్భవం. పుస్తకం తత్సమం, పొత్తం తద్భవం. ఒకటి గ్రంథం నుంచి యథాతథంగా వచ్చింది, రెండోది జనం నోట అరిగి వచ్చింది. స్పానిష్‌లో కూడా లాటిన్ మాటలు సరిగ్గా ఈ రెండు రకాలుగానే ఉన్నాయి. ఇంగ్లీషులోని లాటిన్ మాటల్లో అత్యధికం తత్సమాలు, లేదా వాటికి దగ్గరివి. అందుచేత స్పానిష్ తత్సమాలు మీకు చూడగానే చుట్టాల్లా కనిపిస్తాయి, తద్భవాలు అపరిచితుల్లా కనిపిస్తాయి. నిజానికి ఆ అపరిచితులకూ మీకు తెలిసిన ఇంగ్లీషు మాటలతో రక్తసంబంధం ఉంది. ముఖాలు మారాయి, అంతే.

తత్సమాల గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఇది ఎక్కడైనా దొరుకుతుంది. ఇంగ్లీషులో "షన్" అని ముగిసే నామవాచకం స్పానిష్‌లో "సియోన్" అవుతుంది: నసియోన్, ఇన్ఫోర్మసియోన్, ఎదుకసియోన్, సెలెబ్రసియోన్. ఇలా ముగిసేవన్నీ స్త్రీలింగాలే కాబట్టి మాటతో పాటు లింగం కూడా ఉచితంగా వచ్చినట్టే. "టీ" అని ముగిసేవి "దాద్" లేదా "తాద్" అవుతాయి: రెయాలిదాద్, పోసిబిలిదాద్, లిబెర్తాద్, ఇవీ స్త్రీలింగాలే. "అస్" అని ముగిసే విశేషణాలు "ఓసో" అవుతాయి: ఫమోసో, కురియోసో, నెర్బియోసో. "ఇక్" అనేది "ఇకో" అవుతుంది: పూబ్లికో, క్లాసికో, ఫంతాస్తికో. "లీ" అని ముగిసే క్రియావిశేషణాలకు "మెంతె" చేరుతుంది: ఫినాల్‌మెంతె, నోర్మాల్‌మెంతె. ఈ "మెంతె" లాటిన్‌లో మనస్సు అనే అర్థమిచ్చే మాట. స్పష్టమైన మనస్సుతో అన్నది కాలక్రమంలో స్పష్టంగా అయింది. ఆ మాట స్త్రీలింగం కాబట్టే దాని ముందు విశేషణం ఇప్పటికీ స్త్రీలింగ రూపంలో ఉంటుంది: రాపిదో కాదు, రాపిదామెంతె.

ఈ సూత్రాలతో మాటలు తయారు చేసేటప్పుడు పదికి ఒకటో రెండో తప్పుతాయని ముందే అనుకోండి. వివరణ అనే మాట ఎక్స్‌ప్లికసియోన్. ఇంగ్లీషు ఎక్స్‌ప్లనేషన్‌ను యథాతథంగా మారిస్తే రాదు. అనువాదం త్రదుక్సియోన్. సీరియస్ అనేది సేరియో, ఆబ్వియస్ అనేది ఓబ్బియో. ఇక్కడ "ఓసో" ఉండదు. ప్రొబ్లేమా, సిస్తేమా, తేమా, ఇదియోమా వంటి మాటలు ఆకారంతో ముగిసినా పుంలింగాలు, ఎందుకంటే ఇవి గ్రీకు నుంచి వచ్చినవి.

అక్షరక్రమంలో కొన్ని మార్పులు స్థిరంగా ఉంటాయి. 1713లో ఏర్పడిన స్పానిష్ రాజ అకాడమీ ఆ శతాబ్దంలోనే రాతను ఉచ్చారణకు దగ్గర చేసింది. ఇంగ్లీషులో పి, హెచ్ కలిపి రాసే చోట స్పానిష్‌లో ఒక్క ఎఫ్ ఉంటుంది. టి, హెచ్ కలిసే చోట ఒక్క టి ఉంటుంది. అటెన్షన్‌లో రెండు టీలు, పాసిబుల్‌లో రెండు ఎస్సులు ఉన్నా స్పానిష్‌లో ఒక్కొక్కటే. సకారం తరువాత మరో హల్లుతో మాట మొదలుకాదు, ముందు ఎకారం చేరాలి: ఎస్కువేలా, ఎస్తసియోన్, ఎస్పెసియాల్. ఇస్కూలు, ఇస్టేషను అని పలికే పెద్దల నాలుక స్పానిష్ నాలుక చేసిన పనే చేసింది. వారిని చూసి నవ్వినవాళ్లు స్పానిష్ తరగతిలో మళ్లీ ఆ పాఠమే నేర్చుకోవాలి.

పోలిక ఎక్కువగా మోసం చేసేది ఉచ్చారణ దగ్గర. కంటికి కనబడిన పోలిక చెవికి వినిపించదు. స్పానిష్‌లో టి, డి అక్షరాలు దంత్యాలు, అంటే మన త, ద. ఇంగ్లీషు అలవాటుతో వాటిని ట, డ అని పలుకుతాం. తెలుగులో రెండు వరుసలూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి సరిచేసుకోవడం ఇంగ్లీషువారికంటే మనకే తేలిక, కాని సరిచేసుకోవాలని గుర్తుండాలి. ఊనిక, అంటే మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది, రెండో చిక్కు. అచ్చుతో గాని, ఎన్‌తో గాని, ఎస్‌తో గాని ముగిసే మాటలో చివరి నుంచి రెండో అక్షరాన్ని, మిగిలిన వాటిలో చివరి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు. ఇందుకు భిన్నంగా ఉంటే రాతలో గుర్తు పెడతారు. అందువల్ల యానిమల్ అనిమాల్ అవుతుంది, డాక్టర్ దోక్తోర్ అవుతుంది, చాక్లెట్ చోకోలాతె అవుతుంది. హెచ్ రాస్తారు గాని పలకరు, కాబట్టి హాస్పిటల్ ఓస్పితాల్. మన ఆసుపత్రిలోనూ ఆ హకారం లేదు. చదివితే ఠక్కున అర్థమైన మాట వింటే అర్థం కాలేదని కొత్తవారు చెప్పే ఫిర్యాదుకు మూలం ఇదే. ఒక్కొక్క సూత్రానికి పది మాటలు తీసుకుని, స్థానికుల ఉచ్చారణ విని, పైకి అని, ఆ తరువాతే వాటిని మీ పదసంపదలో లెక్కవేసుకోండి.

ఇక రెండో సగానికి వస్తాను. జనం నోట లాటిన్ మాట అరిగిన తీరులో ఒక క్రమం ఉంది. ఆ క్రమాన్ని తెలుసుకుంటే తద్భవం వెనుక ఉన్న తత్సమం కనిపిస్తుంది, తత్సమం నుంచి ఇంగ్లీషు చుట్టం కనిపిస్తుంది.

మీరు ఇచ్చిన సెగూరోతో మొదలుపెడదాం. లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య ఉన్న క, త, ప స్పానిష్‌లో గ, ద, బ అయ్యాయి. పరుషాలు సరళాలు కావడం మనకు వ్యాకరణంలో చదివిన సంగతే: పూచెన్ ముందు, కలువలు తరువాత వస్తే పూచెఁగలువలు అవుతుంది. అక్కడ కారణం ద్రుతం, అంటే చివరి నకారం, ఇక్కడ కారణం అచ్చుల నడుమ ఇరుక్కోవడం; ఫలితం మాత్రం ఒకటే. ఇప్పుడు సెగూరోలోని గకారాన్ని వెనక్కు తిప్పి కకారం చేయండి: సెక్యూర్ వచ్చేసింది. అమీగో (స్నేహితుడు) అన్నదాన్ని తిప్పితే అమికబుల్. తోదో (అంతా) అన్నదాన్ని తిప్పితే టోటల్. లోబో (తోడేలు) అన్నదాన్ని తిప్పితే వైద్యంలో వినిపించే లూపస్. బీదా అంటే జీవితం. దకారాన్ని తకారం చేస్తే వైటల్. మన చెవికి ఈ మాట బీదగా వినబడుతుంది కాబట్టి ఒకసారి విన్న తెలుగువారు దీన్ని మరిచిపోవడం నేను చూడలేదు.

ఈహో, ఓహా రెండింటినీ ఒకేసారి విప్పవచ్చు. లాటిన్‌లో ఎఫ్‌తో మొదలైన చాలా మాటలు స్పానిష్‌లో ముందు హకారమై, తరువాత ఆ హకారం కూడా నోట రాలిపోయి, రాతలో మాత్రం హెచ్‌గా మిగిలాయి. ఇలాంటిది మన పక్కనే జరిగింది: తెలుగులో పాలు, పులి, పువ్వు అన్నవి కన్నడంలో హాలు, హులి, హూవు. కాబట్టి హెచ్‌తో మొదలైన స్పానిష్ మాట కనిపించగానే దాని స్థానంలో ఎఫ్ పెట్టి చూడండి. ఊమో (పొగ) అన్నదానికి ఎఫ్ పెడితే ఫ్యూమ్. యెర్రో (ఇనుము) అన్నదానికి పెడితే ఫెర్రస్. ఈలో (దారం) అన్నదానికి పెడితే ఫిలమెంట్. ఈహో, ఓహా మాటల్లో ఇంకొక మార్పు కూడా కలిసింది: లాటిన్‌లో లకారం పక్కన యకారం ఉన్న చోట స్పానిష్‌లో గొంతులోంచి పలికే హకారం వచ్చింది. రెండు మార్పులనూ వెనక్కు తిప్పితే ఈహో నుంచి ఫీలియో, అంటే ఫిలియల్. ఓహా నుంచి ఫోలియా, అంటే ఫోలియేజ్. తండ్రీకొడుకుల సంబంధం, ఆకుల గుబురు. కోన్సేహో (సలహా) అన్నది కౌన్సెల్‌కు చుట్టమని ఇప్పుడు మీరే చెప్పగలరు.

యాబె సంగతి మరో రకం. మాట మొదట్లో ఉన్న ప్ల, క్ల, ఫ్ల జంటలు స్పానిష్‌లో రెండు ఎల్‌లుగా మారాయి. ఆ జంటను యకారంగా పలుకుతారు. యేనో (నిండిన) వెనుక ప్లెంటీ ఉంది, యామా (మంట) వెనుక ఫ్లేమ్, యూబియా (వాన) వెనుక ప్లూవియల్ ఉన్నాయి. యాబె వెనుక ఉన్న లాటిన్ మాటకు అర్థం తాళంచెవి; చిన్న తాళంచెవి ఆకారంలో ఉందని మెడ కింది ఎముకకు ఆ మాటతోనే క్లావికిల్ అని పేరు పెట్టారు. ఇదే మాట తత్సమంగా కూడా స్పానిష్‌లో ఉంది: క్లాబె అంటే సంకేతం, పాస్‌వర్డ్. తలుపు తెరిచేది యాబె, ఖాతా తెరిచేది క్లాబె. యాత్ర, జాతర ఒకే మాట అయినా మనకు రెండు వేరువేరు పనులు చేస్తున్నట్టే ఇవీ చేస్తున్నాయి.

లాటిన్ క్త అన్నది స్పానిష్‌లో చ అయింది. లెచె (పాలు) వెనుక లాక్టోస్, నోచె (రాత్రి) వెనుక నాక్టర్నల్, ఓచో (ఎనిమిది) వెనుక ఆక్టగన్, పేచో (రొమ్ము) వెనుక పెక్టోరల్, దెరేచో (నేరుగా, కుడి) వెనుక డైరెక్ట్ ఉన్నాయి. ఎచో (జరిగిన సంగతి) మీద ఎఫ్ సూత్రం, క్త సూత్రం రెండూ వాడితే ఫ్యాక్ట్ బయటపడుతుంది. రెండు తాళాలున్న ఇలాంటి మాటలను విప్పినప్పుడు కలిగే ఆనందమే వాటిని జ్ఞాపకంలో నిలుపుతుంది. బట్టీకి ఆ బలం లేదు.

ఒత్తి పలికే అక్షరంలో లాటిన్ హ్రస్వ ఒకారం ఉవె అయింది, హ్రస్వ ఎకారం ఇయె అయింది. పువెర్తో (రేవు) వెనుక పోర్ట్, మువెర్తె (చావు) వెనుక మోర్టల్, కువెర్పో (శరీరం) వెనుక కార్పొరల్, నువేబో (కొత్త) వెనుక నావెల్ ఉన్నాయి. తియెర్రా (నేల) వెనుక టెర్రెయిన్, తియెంపో (కాలం) వెనుక టెంపరరీ, బియెంతో (గాలి) వెనుక వెంటిలేటర్ ఉన్నాయి. అబియెర్తో (తెరిచిన) అన్నదానిలో ఇయెను ఎ చేసి, బకారాన్ని పకారం చేస్తే అపర్చర్. ఈ సూత్రం పదసంపదతో ఆగదు, అందుకే దీన్ని అన్నిటికంటే ముందు నేర్పుతాను. ఊనిక మరో అక్షరానికి జరిగితే పాత అచ్చు తిరిగి వస్తుంది: సియేతె (ఏడు) గాని సెతెంతా (డెబ్బై), బువేనో (మంచి) గాని బోన్‌దాద్ (మంచితనం), దోర్మీర్ (నిద్రించడం) గాని దువెర్మో (నిద్రిస్తాను), పెన్సార్ (ఆలోచించడం) గాని పియెన్సో (ఆలోచిస్తాను). వ్యాకరణ పుస్తకాలు అపవాదాల పట్టికగా ఇచ్చే క్రియల్లో పెద్ద భాగం ఈ ఒక్క కదలికే.

ఇప్పుడు ఆ రెండో వాక్యానికి తిరిగి వద్దాం. లెచె చూశాం. వేబోస్ అన్నదాని మొదటి అక్షరాన్ని ఒకారం చేస్తే ఓవల్, అంటే గుడ్డు ఆకారం. త్రాహో అన్నది త్రాయేర్ క్రియకు భూతకాల రూపం; లాటిన్‌లో లాగడం అని అర్థం, ట్రాక్టర్ చేసే పని అదే. పాన్ అంటే రొట్టె. కంపానియన్ అంటే రొట్టె పంచుకు తినేవాడు. ఎర్మానో ఒక్కటే కొంచెం దూరం: ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అనే లాటిన్ విశేషణం నుంచి వచ్చింది, ఇంగ్లీషులో జర్మేన్ అనే అరుదైన మాటలో ఉంది. అపరిచితుల గుంపులా కనబడిన వాక్యంలో ఒక్కరైనా పరాయివారు లేరు.

మీరు రాసుకోవలసిన పద్ధతి కూడా దీని నుంచే వస్తుంది. తద్భవాన్ని నేరుగా ఇంగ్లీషు మాటకు కట్టకండి. మధ్యలో స్పానిష్ తత్సమాన్ని ఒక మెట్టుగా పెట్టండి. నోచె, నోక్తూర్నో, నాక్టర్నల్. లెచె, లాక్తెయో, లాక్టోస్. ఈహో, ఫిలియాల్, ఫిలియల్. ఒక్క వరుసలో రెండు స్పానిష్ మాటలు వస్తాయి, ఒకటి ఇంటిది, మరొకటి పుస్తకాలది. ఆ వరుస కింద ఇంటి మాటతో ఒక చిన్న వాక్యం రాయండి. వారం తరువాత తెలుగు అర్థం మాత్రమే చూసి స్పానిష్ మాట చెప్పగలరా లేదా పరీక్షించుకోండి, ఎందుకంటే స్పానిష్ చూసి అర్థం చెప్పడంలో పోలిక చేసే సాయం, అర్థం చూసి స్పానిష్ చెప్పడంలో సగం కూడా ఉండదు.

ఇంకొక చిట్కా నా విద్యార్థులకు బాగా పనికొచ్చింది. ఒక భావానికి స్పానిష్ మాట గుర్తురానప్పుడు, ఇంగ్లీషులో ఆ భావానికి ఉన్న బరువైన పర్యాయపదాన్ని వెతకండి. అమ్మడానికి సెల్ అన్న మాట సాయపడదు గాని వెండింగ్ సాయపడుతుంది: బెందేర్. మొదలుపెట్టడానికి బిగిన్ కాదు, కమెన్స్: కోమెన్సార్. భవనానికి బిల్డింగ్ కాదు, ఎడిఫిస్: ఎదిఫీసియో. పెరగడానికి ఆగ్మెంట్: ఔమెంతార్. జబ్బుపడిన మనిషికి ఇన్‌ఫర్మ్: ఎన్‌ఫెర్మో. ఇంగ్లీషులో కోటు వేసుకున్నట్టుండే ఈ మాటలు స్పానిష్‌లో మామూలు ఇంటి బట్టలు.

మీకు ఇంగ్లీషువారికి లేని మరొక ఆధారం ఉంది. 1786లో కలకత్తాలో భాషాపండితుడు సర్ విలియం జోన్స్ తన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. తెలుగు ఆ కుటుంబంలోది కాకపోయినా, మనం రోజూ వాడే సంస్కృత తత్సమాలు ఆ కుటుంబంలోవే. జంటలుగా చూడండి: దంతం, దియెంతె; నవ, నువేబో; నామం, నోంబ్రె; మృత్యువు, మువెర్తె; విధవ, బియూదా; సర్పం, సెర్పియెంతె; అష్ట, ఓచో. నక్తంచరులు అన్న పురాణపు మాటలోని నక్తమే నోచె. ఇవి కాక అరబ్బుల ద్వారా వచ్చినవి వేరు: 711 నుంచి 1492 వరకు ఐబీరియాలో ముస్లిం పాలన సాగినందువల్ల స్పానిష్‌లో అరబిక్ మాటలు పుష్కలంగా ఉన్నాయి. అసూకార్ అన్న మాటలో ముందున్న అకారం అరబిక్ ఉపపదం. మిగిలినది శర్కర, అంటే మన చక్కెర. నరాన్హా, నారింజ ఒకటే. పోర్చుగీసువారు తెలుగుకు ఇచ్చిన అల్మారా స్పానిష్‌లో అర్మారియో, మేస్త్రీ అక్కడ మాయెస్త్రో.

మోసపు మాటల గురించి, అంటే రూపంలో ఇంగ్లీషు మాటలా ఉండి అర్థం వేరైన వాటి గురించి, చాలామంది భయపెడతారు. ఇంగ్లీషు ఎంబరస్డ్‌లా కనిపించినా గర్భవతి అనే అర్థమున్న ఎంబరసాదా కథ ప్రతివారూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. సంస్కృత మాటలే హిందీలో అర్థం మారినప్పుడు మనం ఎలా సర్దుకున్నామో గుర్తుచేసుకోండి: శిక్ష అంటే అక్కడ చదువు, ఉపన్యాసం అంటే నవల. రెండుసార్లు తడబడి మూడోసారి నేర్చుకున్నాం. స్పానిష్‌లోనూ అంతే: ఎక్సితో అంటే విజయం, సాలీదా అంటే బయటికి దారి, కార్పేతా అంటే కాగితాలు పెట్టుకునే ఫోల్డరు, లిబ్రెరీయా అంటే పుస్తకాల దుకాణం, లార్గో అంటే పొడవైన, పరియెంతె అంటే బంధువు, కోంతెస్తార్ అంటే జవాబివ్వడం. ఇవి ప్రమాదకరమైనవి కావు, ఎందుకంటే అర్థం తప్పితే వాక్యమే ఎబ్బెట్టుగా మారి పట్టిస్తుంది.

తప్పుగా అర్థం చేసుకున్నా వాక్యం చక్కగా అతికేవి నిజంగా ప్రమాదకరమైనవి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక సంస్థ ఉత్తరాన్ని అనువదిస్తూ, ప్రయాణ ఖర్చులను సంస్థ "ఎబెంతువాల్‌మెంతె" భరిస్తుందన్న వాక్యాన్ని, ఇంగ్లీషు అలవాటుతో, చివరకు భరిస్తుంది అని రాశాను. వాక్యం నున్నగా ఉంది, అనుమానమే రాలేదు. ఆ మాటకు స్పానిష్‌లో అర్థం సందర్భం వస్తే, అవసరమైతే అని. ఇస్తామన్న హామీగా నేను రాసినది వాళ్లు ఇస్తే ఇవ్వవచ్చు అన్న మాట. డబ్బు కోసం ఎదురుచూసిన మనిషి అడిగినప్పుడు గాని తప్పు బయటపడలేదు. అక్తువాల్‌మెంతె (ప్రస్తుతం), అసిస్తీర్ (హాజరు కావడం), ప్రెతెందేర్ (ఉద్దేశించడం), సెన్సీబ్లె (సున్నితమైన) ఈ కోవలోవే. అంకెల్లో ఒకటుంది: ఇంగ్లీషు బిలియన్ నూరు కోట్లు, స్పానిష్ బియోన్ లక్ష కోట్లు. నూరు కోట్లను స్పానిష్‌లో మిల్ మియోనెస్ అంటారు. మోసపు మాటల పట్టికలు బట్టీ పట్టడం కంటే, ఇలాంటి ఇరవై మాటలను వాక్యాలతో సహా రాసుకోవడం మేలు.

వ్యతిరేక దిశలో కూడా ఒక హెచ్చరిక అవసరం. ముచో, మచ్ చుట్టాలు కావు. దీయా, డే చుట్టాలు కావు. పోలిక కేవలం యాదృచ్ఛికం. గుర్తుపెట్టుకోవడానికి అడ్డేమీ లేదు, వాటి ఆధారంగా సూత్రాలు మాత్రం కట్టకండి. కె, దె, పోర్, పేరో, ముయ్, తంబియేన్ వంటి అవ్యయాల దగ్గర చుట్టరికాల వల్ల ఏ లాభమూ లేదు. సుమారు వంద మాటలున్న ఆ సామగ్రిని వాక్యాల్లో వాడుతూ వాడుతూ అలవాటు చేసుకోవలసిందే.

మీ పట్టికలో ఇంకా పెర్రో మిగిలింది. దీన్ని ఏ సూత్రంతోనూ విప్పలేరు. లాటిన్‌లో కుక్కకు ఉన్న మాట, ఇంగ్లీషులో కేనైన్ అన్నదాని వెనుక ఉన్నది, స్పానిష్‌లో కాన్ అనే రూపంలో పుస్తకాలకే పరిమితమైంది. పెర్రో ఎక్కడి నుంచి వచ్చి దాని చోటు ఆక్రమించిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. ఇంగ్లీషులో డాగ్ అన్న మాట పుట్టుక కూడా తేలని విషయమే. అందుచేత దీన్ని రకారం గట్టిగా దొర్లిస్తూ పదిసార్లు పైకి అనండి. రకారాన్ని మెత్తగా పలికితే అది పేరో అవుతుంది, అంటే "కాని".